ఆఫీసులో సరదా: కంపెనీ ఏర్పాటు చేయాలా, మన టైమ్ మనకు వదిలేస్తే చాలా?

మాదాపూర్ టెస్టర్ (చర్చ మొదలుపెట్టినవారు)

మా కంపెనీలో వచ్చే నెల నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఫన్ అవర్ పెడుతున్నారు. తంబోలా, అంత్యాక్షరి, డంబ్ షరాడ్స్ లాంటివి. రావడం మీ ఇష్టం అంటూనే హాజరు రాసుకుంటామన్నారు. జీతం పెంచే ముందు పనితీరు చూసే అప్రైజల్ ఫారంలో టీమ్ స్పిరిట్ అని ఒక కాలమ్ ఉంది, ఆ హాజరు అక్కడికి వెళ్తుందని మేనేజరే చెప్పారు. ఆ గంటలో చేయాల్సిన పని మాత్రం తగ్గలేదు. రాత్రి ఇంటికెళ్లాక లాప్‌టాప్ తెరవాల్సిందే.

పనిచేసే చోట ఆట, నవ్వు ఉండాలని గట్టిగా కోరుకునేవాణ్ణి నేను. మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం గడిచేది అక్కడే కదా. మన పల్లెల్లో నాట్లేస్తూ పాడారు, వడ్లు దంచుతూ పాడారు, మోట తోలుతూ పాడారు. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ అందుకున్నారు. ఆ పాటలు పనిలోంచే పుట్టాయి. రోకటి పోటుకు తగ్గట్టు పాట నడిచేది, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. ఫలానా గంటకు పాడండి అని ఎవరూ టైమ్ పెట్టలేదు.

అందుకే అడుగుతున్నాను. సరదాను కంపెనీ ఏర్పాటు చేయగలదా? చేయలేదనే నా అభిప్రాయం. పనివేళల్లోనే కాస్త ఖాళీ ఇస్తే చాలు, దానితో ఏం చేసుకోవాలో మనుషులకు తెలుసు.

గచ్చిబౌలి హెచ్‌ఆర్

నేను హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను, ఇలాంటివి ఏర్పాటు చేసేది మేమే. మీ మాటతో సగమే ఏకీభవిస్తాను.

ఖాళీ ఇస్తే మనుషులే కలుస్తారన్నది ఒకరికొకరు ముందే తెలిసినవాళ్ల విషయంలో నిజం. ఇప్పుడు సగం మంది వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వస్తున్నారు. పార్వతీపురం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి కొండాపూర్ హాస్టల్లో దిగిన అమ్మాయికి ఈ నగరంలో ఎవరూ తెలియదు. క్యాంటీన్లో ఒక్కతే ఫోన్ చూసుకుంటూ తింటుంది. అలాంటి వాళ్లను ఎవరో ఒకరు చెయ్యిపట్టి కలపాలి.

బతుకమ్మ సంగతే చూడండి. హైటెక్ సిటీ, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఏటా ఆడుతున్నారు. తంగేడు, గునుగు పూలు తెప్పించాలి, చోటు చూడాలి, సెక్యూరిటీ అనుమతి తీసుకోవాలి, ఆ పూట మీటింగులు ఆపించాలి. ఎవరూ పూనుకోకపోతే అది జరగదు. పాట రాని ఒడిశా అమ్మాయి కూడా మన వాళ్లతో కలిసి చప్పట్లు కొడుతూ తిరిగితే, మర్నాటి నుంచి వాళ్ల మధ్య మాట కలుస్తుంది. దాన్ని బలవంతపు సరదా అంటే నేను ఒప్పుకోను.

నల్లగొండ వాసి

టెస్టర్ గారూ, నాట్ల పాటలను మరీ అందంగా చూపించకండి. మా నాయనమ్మ నాట్లేసిన మనిషి. రోజంతా నడుం వంచి, బురదలో కాళ్లు పాసి, ఆ నొప్పి తెలియకుండా ఉండటానికి పాడేవాళ్లమని చెప్పేది. పాట ఉందంటే పని సుఖంగా ఉందని కాదు. కూలి ఎంత, మధ్యాహ్నం ఎంతసేపు కూర్చోనిచ్చారు అన్నవి ముందు అడగాలి.

అయితే ఒకటి నిజం. ఆ పాటల్లో ఆసామిని దెప్పుతూ కూడా పాడేవారట, గట్టు మీద నిలబడి వినేవాడు ఏమీ అనలేకపోయేవాడట. మీ ఫన్ అవర్‌లో మేనేజర్ మీద పాట కట్టి పాడగలరా? పాడగలిగితే అప్పుడు అది మీ ఆట.

అమీర్‌పేట చీరల షాపు

నేను సేల్స్‌లో ఉన్నాను. మీ చర్చ చదివితే వేరే లోకంలా అనిపిస్తోంది, కోపంతో అనడం లేదు. మా షాపులో కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోకూడదు. పండుగ సీజన్లో పొద్దున వస్తే రాత్రి దాకా నిలబడే ఉంటాం. సాయంత్రానికి కాళ్లు వాచిపోతాయి. మేం అమ్మాయిలం కౌంటర్ వెనక నవ్వుకుంటే సూపర్‌వైజర్ సీసీ కెమెరాలో చూసి ఫోన్ చేస్తాడు.

కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు దీని మీదే పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. నాకు ఆటలు వద్దు. ఒక స్టూల్ వేసి, మా మాటలు మమ్మల్ని మాట్లాడుకోనిస్తే చాలు, నవ్వు అదే వస్తుంది.

మాదాపూర్ టెస్టర్

అక్కా, మీరు చెప్పినదే ఈ చర్చకు అసలు మొదలు. ఆ స్టూల్ లేని చోట ఇంకేం మాట్లాడినా గాల్లో మాటే.

హెచ్‌ఆర్ గారూ, బతుకమ్మ మీద నాకు అభ్యంతరం లేదు. అందులోకి ఎవరైనా వస్తారు, ఎప్పుడైనా పక్కకు తప్పుకుంటారు, ఎవరూ మార్కులు వేయరు. నా బాధంతా హాజరు మీదే. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో ఈథన్ మోలిక్, నాన్సీ రాత్‌బార్డ్ అనే ఇద్దరు ఈ విషయం పరీక్షించి చూశారు. ఒక కంపెనీ సేల్స్ వాళ్ల పనిని బాస్కెట్‌బాల్ ఆటలాగా మార్చారు. ఆ ఆటను మనసారా ఒప్పుకున్నవాళ్లు ఉల్లాసంగా ఉన్నారు. ఒప్పుకోనివాళ్లకు ఉన్న ఉత్సాహం కూడా తగ్గింది. ఆట ఒకటే, తేడా ఇష్టంలో ఉంది.

ఫ్రాన్స్‌లో అయితే కోర్టు దాకా వెళ్లింది. కంపెనీ పెట్టే మందు పార్టీలకు, సరదా కార్యక్రమాలకు కలిసిరావడం లేదని కూడా చెప్పి ఒక ఉద్యోగిని తీసేశారు. 2022 నవంబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ కారణంతో తీసేయడం చెల్లదంది. సరదాలో పాల్గొనకపోవడం అతని భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది.

కూకట్‌పల్లి రైడర్

డెలివరీ చేస్తాను. మా యాప్ నిండా ఆటే. ఇన్ని ఆర్డర్లు చేస్తే ఈ బోనస్ స్లాబ్, ఇంకో రెండు చేస్తే ఇంకో స్లాబ్, బొమ్మలు, రంగులు. వానలో కూడా ఇంకొక్కటి అనిపించేలా పెట్టారు. పనిని ఆటలా మార్చారని ఎవరైనా మెచ్చుకుంటే ఒకసారి మా బండి వెనక కూర్చుని రమ్మనండి.

మాకు సరదా అంటే ఆర్డర్ల మధ్య మా వాళ్లు నలుగురు చెట్టు కింద ఆగి చాయ్ తాగడం. అది ఏ యాప్ ఇచ్చింది కాదు.

టీమ్ లీడ్, నానక్‌రామ్‌గూడ

అందరూ టైమ్ దగ్గరికే వస్తున్నారు కాబట్టి లెక్క చెప్తాను. మన దగ్గర 1988 నాటి షాపుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు అనుమతించింది, వారానికి 48 పరిమితి అలాగే ఉంది, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. ఇంకోవైపు ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో వారానికి 70 గంటలన్నారు, ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట 2025 జనవరిలో బయటికొచ్చింది. ఇలాంటి మాటలు పైనుంచి వినపడుతుంటే కింద ఏ లీడ్‌కైనా టీమ్ నవ్వుతుంటే భయమే. పని తక్కువగా ఉందనుకుంటారేమోనని.

నా టీమ్‌లో నేను చేసింది చిన్నది. మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర దాకా ఎవరూ మీటింగ్ పెట్టకూడదన్నాను. ఆ అరగంటను ప్రాజెక్ట్ ప్లాన్‌లోనే కలిపాను, క్లయింట్‌కు చెప్పిన తేదీ దాన్ని లెక్కేసి చెప్పిందే. మొదట్లో అందరూ డెస్కుల దగ్గరే కూర్చున్నారు. తర్వాత ఎవరో క్యారమ్ బోర్డు తెచ్చారు. ఇద్దరు కింద ఇరానీ చాయ్‌కి వెళ్తారు, ఒకతను నిద్రపోతాడు. నిద్రపోయేవాణ్ణి లేపకపోవడమే ఇందులో ముఖ్యం అని నా నమ్మకం. క్యారమ్ ఆడుతూ మాట్లాడుకుంటుండగా సాఫ్ట్‌వేర్‌లో రెండు బగ్గులు, అంటే తప్పులు, దొరికాయి కూడా, కానీ అందుకోసం పెట్టింది కాదు.

గచ్చిబౌలి హెచ్‌ఆర్

లీడ్ గారి పద్ధతి నాకు నచ్చింది. అయినా ఒక మాట మీద నిలబడతాను. మీ టీమ్‌లో క్యారమ్ రానివాళ్లు, సిగ్గుపడేవాళ్లు, తెలుగు రానివాళ్లు ఆ అరగంట ఎక్కడుంటున్నారో చూడండి. వదిలేసిన చోట కలివిడిగా ఉండేవాళ్లే ఆడతారు. పిలిచేవాళ్లు ఉండాలి. పిలవడానికీ హాజరు వేయడానికీ తేడా ఉందంటే ఒప్పుకుంటాను. మా దగ్గర ఆ హాజరు పద్ధతి లేదు, ఎవరైనా పెట్టాలన్నా వద్దనే చెప్తాను.

మాదాపూర్ టెస్టర్

పిలిచేవాళ్లు ఉండాలన్న మాట సరైనదే, కొత్తవాళ్ల గురించి నేను అంతగా ఆలోచించలేదు. అయినా పిలుపు జీతం పెంచే చేతుల్లోంచి వస్తే కాదనడం కష్టం. మా టీమ్‌లోవాళ్లే వంతులవారీగా పిలిచేలా అడుగుతాను. సోమవారం మీటింగ్‌లో రెండు కోరతాను: అప్రైజల్ నుంచి ఆ హాజరు తీసేయాలి, ఆ గంట మేరకు శుక్రవారం పని తగ్గించాలి.

గచ్చిబౌలి హెచ్‌ఆర్

మీటింగ్‌లో అడిగే ముందు మెయిల్ పెట్టండి. ఒక్కరే కాకుండా నలుగురైదుగురు కలిసి పెట్టండి. ముందు పని తగ్గించమనే అడగండి, అది ఒప్పుకుంటే హాజరు తీయించడం తేలిక.