ఆన్యెస్ వర్దా ఎవరి పక్షాన సాక్షి? సినిమా ఉత్సవాల్లో సగం స్థానాల నియమంపై చర్చ

ఫిల్మ్ సొసైటీ పాతకాపు:
2018 మే 12న ఫ్రాన్స్‌లోని కేన్స్ సినిమా ఉత్సవం మెట్ల మీద 82 మంది మహిళలు నిలబడ్డారు. ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వర్దా ఫ్రెంచిలోను, నటి కేట్ బ్లాంచెట్ ఇంగ్లీషులోను ఒక ప్రకటన చదివారు. 1946 నుంచి ఆ మెట్లెక్కిన మహిళా దర్శకులు 82 మంది అయితే, పురుషులు 1,688 మంది అని అందులో ఉంది. రెండు రోజుల తర్వాత ఉత్సవ నిర్వాహకులు ఒక ఒడంబడికపై సంతకం చేశారు. పరిశీలనకు వచ్చే చిత్రాల్లో స్త్రీపురుషుల లెక్క నమోదు చేస్తామని, ఎంపిక సంఘంలో ఎవరున్నారో బయటపెడతామని ఒప్పుకున్నారే గాని, పోటీకి ఎంపికయ్యే చిత్రాల్లో సగం మహిళలవి కావాలన్న నియమం పెట్టుకోలేదు. ఆ నియమం ఉండాలా, వద్దా? రెండు పక్షాలవారూ వర్దానే సాక్షిగా పిలుస్తున్నారు గనుక, ఆవిడ వృత్తి జీవితాన్ని దాటిపోకుండా మాట్లాడుకుందామని మనవి.

గోదావరి గట్టు:
వద్దనే అంటాను. ఫోటోగ్రాఫరుగా పనిచేస్తున్న వర్దా 1954లో, తన 26వ ఏట, సెత్ అనే రేవు పట్టణంలోని జాలరిపేటకు వెళ్లి ‘లా ప్వాంత్ కూర్త్’ తీసింది. సొంత కంపెనీ పెట్టుకుంది. నటులనూ సాంకేతికులనూ జీతగాళ్లుగా గాక వాటాదారులుగా కలుపుకుంది. ఎడిటింగ్ తర్వాత పేరున్న దర్శకుడైన అలెన్ రెనే చేత చేయించుకుంది. 1950ల చివర్లో కొత్త దర్శకులు తెచ్చిన, ఫ్రెంచి నవతరంగం అని అందరూ చెప్పుకునే చిత్రాలకు అది నాలుగైదేళ్ల ముందుమాట. 1985లో ‘వ్యాగబాండ్’కు వెనిస్ ఉత్సవంలో అగ్ర బహుమతి గోల్డెన్ లయన్ (బంగారు సింహం) వచ్చిందంటే పోటీలో గెలిచి తెచ్చుకున్నదే. ఆనాడు సగం నియమం ఉండి ఉంటే, దాన్ని ‘కోటా సింహం’ అని ఎవడో ఒకడు అనకుండా ఉండేవాడా?

ఎడిటింగ్ బల్ల:
గట్టుగారూ, మీరు చెప్పినవన్నీ నిజమే, కాని 1954 నుంచి నేరుగా 1985కు దూకారు. నడుమ ఏం జరిగిందో కూడా చూడాలి. అంతటి తొలిచిత్రం 1955లో బయటికి వచ్చాక రెండో కథాచిత్రం ‘క్లియో’ రావడానికి 1962 దాకా ఏడేళ్లు పట్టింది. ఆ మధ్యలో ఆవిడ ఫ్రెంచి పర్యాటక శాఖవారి కోసం కోటల మీద, సముద్రతీరం మీద చిన్న చిత్రాలు తీస్తూ గడిపింది. ‘క్లియో’ అయినా ఎలా వచ్చింది? నవతరంగం దర్శకుడు గోదార్ తన నిర్మాత జార్జ్ ద బోర్‌గార్‌కు మరో దర్శకుడు జాక్ దెమీని పరిచయం చేశాడు. దెమీ వర్దా పేరు చెప్పాడు. నిర్మాత తక్కువ ఖర్చులో తేల్చమన్నాడు గనుక ఆవిడ కథను పారిస్ వీధుల్లో, ఒకే సాయంత్రంలో ముగిసేటట్టు కట్టింది. నియమం లేని చోట ప్రతిభ రాజ్యం చేస్తుందని మనం అనుకుంటాం గాని, అక్కడ నడిచేది మాటసాయం. మాట చెప్పేవాళ్లూ వినేవాళ్లూ మగవాళ్లే అయినప్పుడు అదీ ఒక కోటాయే. రాతలో లేదు, అంతే.

ఇంకొక సంగతి నన్ను ఎప్పుడూ వదలదు. 1970లలో చంటిబిడ్డ తల్లిగా ఇల్లు విడిచి దూరం వెళ్లలేక, వర్దా తన ఇంటి మీటరు నుంచి కరెంటు తీగ బయటికి లాగి, ఆ తీగ అందినంత మేరకే పారిస్‌లో తానుండే దగేర్ వీధిలో చిత్రీకరణ జరిపింది. వంద మీటర్లు కూడా లేని ఆ పరిధిలోని రొట్టెల కొట్టు, మాంసం కొట్టు, దర్జీ, అత్తరు సీసాల మధ్య మాటా పలుకూ లేక తలుపు వైపు చూసే ముసలావిడ కలిసి ‘దగెరోటైప్స్’ అనే డాక్యుమెంటరీ అయ్యాయి. ఆ తీగను ఆవిడ బొడ్డుతాడుతో పోల్చింది. ఆ చిత్రం నాకు ప్రాణం, కాని దాన్ని చూపించి ‘అడ్డంకి ఉంటేనే కళ పండుతుంది’ అనేవారంటే మాత్రం ఒళ్లు మండుతుంది. మగ దర్శకుల్లో తీగ పొడుగును బట్టి లొకేషను ఎంచుకోవలసి వచ్చినవాడిని ఒక్కణ్ణి చూపించండి.

గోదావరి గట్టు:
మాటసాయం సంగతి ఒప్పుకుంటాను. 82కు 1,688 న్యాయమైన లెక్క అని నేనూ అనను. కాని ఉత్సవమన్నది చివరి గుమ్మం. డబ్బు దగ్గర తలుపు మూసి, గుమ్మం దగ్గర నియమం పెడితే ప్రయోజనమేమిటి? మన దగ్గరే చూడండి. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించినప్పుడు నిర్మాత వీరమాచనేని సరోజిని, సంగీతం పి. లీల, నృత్యం రాజసులోచన. ముఖ్య శాఖలన్నీ ఆడవాళ్లవే. సగమేమిటి, నిండుగా ఉన్నారు. చిత్రం ఆడలేదు, నష్టం సావిత్రికి తగిలింది. తర్వాత విజయనిర్మల 44 చిత్రాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్‌కు ఎక్కారంటే, విజయకృష్ణా మూవీస్ అనే సొంత బ్యానరు వెనక ఉండడం చిన్న విషయం కాదు. వర్దాకూ అంతే. పెట్టుబడి దగ్గర సమానత్వం అడగండి, చేతులెత్తి మద్దతిస్తాను.

ఎడిటింగ్ బల్ల:
పెట్టుబడి దగ్గరా కావాలి, గుమ్మం దగ్గరా కావాలి. ఒకటి రెండోదాన్ని లాగుతుంది: కేన్స్ పోటీలో ఆడిన చిత్రం పేరు చెబితే నిర్మాత కుర్చీ వేస్తాడు. 2018 నాటి ఆ ప్రకటనలో బంగారు తాటాకు (కేన్స్ అగ్ర బహుమతి) అందుకున్న మహిళా దర్శకులు ఇద్దరేనన్నారు; ఆ ఇద్దరిలో జేన్ కాంపియన్ 1993లో మరొకరితో పంచుకున్నది, వర్దాది 2015లో ఇచ్చిన గౌరవ పురస్కారం. అంటే పోటీలో ఒంటరిగా గెలిచినది అప్పటికి సున్న. 2021లో జూలియా దుకుర్నో, 2023లో జస్టిన్ త్రియే గెలిచారు. అది ఒడంబడిక పుణ్యమేనని నేను అనను, కాని లెక్క బయట పెట్టాక ఎవరూ కళ్లు మూసుకోలేకపోయారు.

వర్దాకు లెక్క బలం ముందునుంచీ తెలుసు. 1971లో ఫ్రాన్స్‌లో గర్భస్రావం నేరమైన రోజుల్లో, తాము చేయించుకున్నామని 343 మంది స్త్రీలు పేర్లతో ప్రకటించినప్పుడు ఆవిడ సంతకం అందులో ఉంది. 1975లో చట్టం మారింది. ఒంటరి ప్రతిభే చాలునని ఆవిడ నమ్మి ఉంటే, ఆ జాబితాలోనూ, తొంభయ్యో ఏట ఆ మెట్ల మీదా నిలబడేది కాదు.

సగం నియమం వద్దన్నారు. సరే. మీ లెక్కలో ఎంత ఉండాలో, ఎన్నేళ్లలో రావాలో అంకె వేసి చెప్పండి, అక్కడి నుంచి వాదిద్దాం.