ఇంటర్వ్యూల్లో ఒక్క ముక్కలో జవాబులొస్తున్నాయి, ఏం చేయాలి?

సిరిపురం స్కాలర్:
ఎంకామ్ చేసి సోషియాలజీలో పీహెచ్‌డీకి వచ్చాను, మొదటి ఏడాది. విశాఖ పెద్ద జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్ళ డబ్బు లెక్కల మీద నా పని. 7 ఇంటర్వ్యూలు చేశాను. "అప్పులున్నాయా?" అంటే "నేవమ్మా" అంటారు. "ఎందుకు తీసుకోలేదు?" అంటే నవ్వేసి ఊరుకుంటారు. రికార్డింగులన్నీ కలిపినా గంట దాటలేదు. సర్వే అయితే ఫారం నింపుకుని వచ్చేదాన్ని. ఇక్కడ ఏది డేటానో కూడా తెలియడం లేదు. అసలు ఎంతమందితో మాట్లాడితే సరిపోతుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

పాత పోస్టాఫీసు:
ఏ టైములో వెళ్తున్నావమ్మా?

సిరిపురం స్కాలర్:
పొద్దున్నే హార్బర్‌లో వేలం జరిగేటప్పుడండి. అందరూ ఒకేచోట దొరుకుతారని.

పాత పోస్టాఫీసు:
వాళ్ళ ఆ రోజు బేరమంతా తేలేది ఆ కాసేపట్లోనే. పాట వినాలా, నీ ప్రశ్న వినాలా? అప్పుడు ఏమీ అడగకు, చూస్తూ ఉండు. ఎవరు ఎవరితో కలిసి కొంటున్నారు, డబ్బు చేతిలో పెడుతున్నారా, సాయంత్రం ఇస్తామంటున్నారా, ఐసు డబ్బులు ఎవరిచ్చారు. ఇంటికెళ్ళి ఆ రాత్రే రాసెయ్. తెల్లారితే సగం గుర్తుండదు. ప్రశ్నలకు మధ్యాహ్నం, గంప దించి అన్నం తిన్నాక వెళ్ళు.

ఇక అప్పు సంగతి. నేనూ ఇదే ప్రశ్న అడిగి 11 ఇళ్ళకు "అప్పు లేదు" అని రాసుకున్నాను. ఒక రోజు ఒక పిన్ని ఎండు చేపలు తిరగేస్తూ పక్కింటావిడతో "నిన్నటి చేబదులు సాయంత్రం ఇచ్చేత్తాను" అంది. మరి అప్పు లేదన్నావు కదా పిన్నీ అంటే, "చేబదులు అప్పేటమ్మా?" అని నన్నే అడిగింది. కాగితం రాసి వడ్డీ కట్టేది అప్పు. చేతిలోంచి చేతిలోకి వెళ్ళి నాలుగు రోజుల్లో తిరిగొచ్చేది చేబదులు. చీటీ పాడుకున్న డబ్బు మళ్ళీ వేరే లెక్క. వీటన్నిటికీ నేను ఒకే మాట పట్టుకెళ్ళాను. ఆ 11 ఇళ్ళకూ మళ్ళీ తిరిగాను. ఆ తిరగడంలోనే నా థీసిస్ దొరికింది.

"ఎందుకు" అని అడిగితే నిలదీసినట్టుంటుంది. "నిన్న గంప కొన్న దగ్గర్నుంచి ఇంటికొచ్చేదాకా ఏమైందో చెప్పు పిన్నీ" అని చూడు.

గాజువాక గొంతు:
నేను స్టీల్ ప్లాంటు నిర్వాసితుల కాలనీల్లో పనిచేశాను. 1971లో శంకుస్థాపన నాటికి పిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు తాతలు, మామ్మలు. నన్ను చూడగానే ఆర్ కార్డు, అంటే నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు, తెచ్చి చూపించేవారు. ఒక పెద్దాయన నాలుగోసారి వెళ్ళినప్పుడు "నా కాగితం ఎక్కడిదాకా వచ్చింది బాబూ?" అన్నాడు. నేను ఆఫీసు మనిషిననుకున్నాడు. నేనెవరో, నా వల్ల ఏం కాదో మొదటి రోజే విడమరిచి చెప్పలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మీరు వెళ్ళగానే చెప్పేయండి. సంతకం అంటే భయపడేవాళ్ళకు సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించి "సరే" అన్న మాట రికార్డు చేయవచ్చు. అయితే ఆ పద్ధతికి మీ ఎథిక్స్ కమిటీ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి.

మధురవాడ నోట్సు:
ఎంతమంది అన్నదానికి: ఘనా, నైజీరియాల్లో ఆడవాళ్ళతో చేసిన 60 ఇంటర్వ్యూలను తిరిగి పరిశీలించి 2006లో ముగ్గురు పరిశోధకులు రాసిన వ్యాసం ఉంది. మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే చాలావరకు విషయాలు వచ్చేశాయని తేల్చారు. అందరూ దాన్నే చూపిస్తారు. కానీ అక్కడ మాట్లాడినవాళ్ళు దాదాపు ఒకే రకం పరిస్థితుల్లో ఉన్నవాళ్ళు, అడిగిన ప్రశ్నలూ ఒకటే. మీ దగ్గర గంప మోసేవాళ్ళు, మార్కెట్లో దుకాణం ఉన్నవాళ్ళు, ఎండు చేపలవాళ్ళు వేరువేరు. ప్రతి రకంలోనూ కొత్త మాట రావడం ఆగేదాకా వెళ్ళాలి.

కోడింగ్, అంటే జవాబుల్లో వచ్చే ఒక్కో విషయానికి ఒక పేరు పెట్టి గుర్తు పెట్టుకోవడం, మాత్రం మొదటి నుంచి ఇంగ్లీషులోనే చేసుకోండి. థీసిస్ ఎలాగూ ఇంగ్లీషే కదా.

పాత పోస్టాఫీసు:
దీనికి నేను ఒప్పుకోను. "డెట్" అని కోడ్ పెట్టిన రోజే చేబదులు మాయమవుతుంది. తెలుగు మాటనే కోడ్‌గా ఉంచి, ఇంగ్లీషు అర్థం పక్కన రాసుకోవాలి.

గాజువాక గొంతు:
నాదీ అదే మాట. గంట రికార్డింగ్ రాయడానికి నాకు ఐదారు గంటలు పడుతుంది. విసుగొచ్చి "నేదు"ను "లేదు"గా, "ఏటి"ని "ఏమిటి"గా దిద్దేస్తాం. దిద్దకండి.

సిరిపురం స్కాలర్:
చాలా రోజుల తర్వాత వస్తున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం కదా, ఆడవాళ్ళు కాస్త తీరిగ్గా దొరికారు. నిన్న ఒక పిన్నిని మీరు చెప్పినట్టే అడిగాను. 50 నిమిషాలు ఆగకుండా చెప్పింది. చేబదులు ఎవరిని అడగవచ్చు, ఎవరిని అడగకూడదు అని దానికో పద్ధతుంది! వియ్యపురాలిని మాత్రం చచ్చినా అడగదట. రాత్రి 2 దాకా రాస్తూనే ఉన్నాను.

మధురవాడ నోట్సు:
చాలా సంతోషం. ఆ నోట్సు కాపీ ఇంకోచోట పెట్టండి, ఇవాళే. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెట్టినప్పుడు సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ గారి ఫీల్డు నోట్సు మూడు ప్రతులూ అక్కడే ఉన్నాయి. మూడూ కాలిపోయాయి.

సిరిపురం స్కాలర్:
పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మకిచ్చాను. పేర్లన్నీ తీసేసి మారుపేర్లు పెట్టాకే ఇచ్చాను. ఆ వియ్యపురాలూ అదే వీధిలో ఉంటుంది.