సుబేదారి గారు ఎవరు?

మా అక్క కొడుకు ఏడో తరగతి. "మన ఊరి వీధులు, మహనీయులు" అని బళ్లె ప్రాజెక్టు ఇచ్చిన్రట. మొన్న ఆదివారం మా ఇంట్లనే కూసొని రాసుకుంటుంటే తొంగి చూసిన. మొదటి వాక్యం ఇట్ల ఉన్నది: "సుబేదారి గారు గొప్ప దేశభక్తుడు. ఆయన సేవలకు గుర్తుగా హనుమకొండలో ఒక ప్రాంతానికి ఆయన పేరు పెట్టారు." దాని కింద: "అదాలత్ గారు కూడా..." ఇగ అక్కడ పెన్ను గుంజుకున్న.

ముందు కడుపుబ్బ నవ్విన. రాత్రికి మాత్రం పిలగాడిది తప్పేం లేదనిపించింది. కాళోజీ సెంటర్, అంబేద్కర్ సెంటర్, అదాలత్ సెంటర్. ఆటోల కూసొని ఈ మూడూ వరుసగ వింటే మూడూ మనుషులే అనిపించవా? అదాలత్ అంటే కోర్టు అని ఎర్కైనోనికే తేడా తెలుస్తది. అందుకే గ్రూపుల పెడుతున్న. ఒక జాగా పేరులో మనిషి ఉన్నడో లేడో పేరు నిర్మాణం చూసి పట్టుకోవచ్చా?

నాకు తెలిసింది నేను మొదలుపెడుత. నిజాం రాజ్యంల నాలుగు సుబాలు, అంటే పెద్ద పాలనా భాగాలు: వరంగల్, మెదక్, గుల్బర్గా, ఔరంగాబాద్. సుబా మీద అధికారి సుబేదారు. "దార్" అంటే కలిగినోడు, చేతుల పెట్టుకున్నోడు. జమీందారు, తాలూక్‌దారు, దుకాన్‌దారు అన్నీ ఆ అచ్చులో పోసినవే. చివర ఉన్న ఫారసీ "ఈ" సంబంధాన్ని చెప్తది. సుబేదారుకు సంబంధించింది సుబేదారీ. మన నోట్ల దీర్ఘం ఆగదు గనక సుబేదారి అయింది. అంటే ఆ పేరుల ఉన్నది ఒక మనిషి కాదు, ఒక కుర్చీ. ఎంతమంది వచ్చి కూసొని లేచిపోయినా కుర్చీ పేరే నిలిచింది.

ఎప్పటి లెక్కనే ఎవరి మాట ముందు వాళ్ల వాడ పేరు పెట్టండి. మనుషుల పేర్లొద్దు.

హసన్‌పర్తి:
అన్నా, మా తాత మిలిటరీల సుబేదారు. దేశభక్తుడు అని రాస్తే మా ఇంట్ల ఎవ్వలూ కాదనరు 😀

హనుమకొండ (నేనే):
అది ఇంకో ముచ్చట తమ్మీ. ఒకప్పుడు సుబా మొత్తం ఏలినోని హోదా, తర్వాత తెల్లోళ్ల పటాలంల సిపాయిల మీద అధికారి హోదా అయింది. ఇప్పటి సైన్యంల కూడ ఉన్నది. మాట అదే, కుర్చీ ఎత్తు తగ్గింది. మీ తాతకు దండం.

లేబర్ కాలనీ:
మరి ఆజంజాహి మిల్లు? దాని చివర కూడ అదే "ఇ" కదా. మా నాయిన ఆ మిల్లుల నేత ఖాతాల చేసిండు. మేం ఇంట్ల ఉత్త "మిల్లు" అనేటోళ్లం గని బయటోళ్లకు చెప్పాల్నంటే ఆజంజాహి అనేది. చిన్నప్పుడు అది బట్ట రకం అనుకున్న నేను, మల్‌మల్ లెక్క.

హనుమకొండ (నేనే):
అక్కా, నా సూత్రాన్ని మొదటి దెబ్బకే పడగొట్టినవ్. అవును, అదే "ఈ". కాని అక్కడ లోపల మనిషున్నడు. ఆజం జాహ్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్దకొడుకు. 1934ల మిల్లు పెట్టినప్పుడు ఆయన పేరు పెట్టిన్రు. ఆజం జాహ్‌కు సంబంధించింది ఆజంజాహీ. చిన్నకొడుకు మొఅజ్జం జాహ్ పేరు మీద హైదరాబాద్‌ల మొజంజాహి మార్కెట్ ఉన్నది, ఆయన భార్య నీలోఫర్ పేరు మీద పిల్లల దవాఖాన ఉన్నది. ఆమె పేరుకు మాత్రం ఏ తోకా తగిలించలే. నీలోఫర్ అంటే నీలోఫరే.

అంటే "ఈ"ని చూసి మనిషో కుర్చీయో చెప్పలేం. దేనికో చెందింది అని మాత్రం చెప్పొచ్చు. ఆ "దేనికో" ఏందన్నది చరిత్రనే చెప్పాలె.

లేబర్ కాలనీ:
ఆ మిల్లు జాగాలనే ఇప్పుడు ఓ సిటీ. "ఓ" అంటే ఓరుగల్లు అట. మా వాడోళ్లు మొదట్ల "ఓ, సిటీయా!" అని నవ్వేటోళ్లు. షాజాదా పేరు ఒక్క అచ్చు పాలైంది.

దర్గా కాజీపేట:
సుబేదారి సంగతి బాగుంది భాయ్. మా దానికి ఉల్టా చూడండి. కాజీ కూడా కుర్చీ పేరే. నికాహ్‌లు, తగువులు, వారసత్వాలు చూసే న్యాయాధికారి. ఆ లెక్కన కాజీపేట అంటే "కాజీ గారి పేట", ఏ కాజీ అయినా కావచ్చు. కాని ఇక్కడ కాజీ అంటే ఒక్కరే. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ, వరంగల్ కాజీగా చేసినవారు. 1856లో పరదా చేశారు, అంటే కన్నుమూశారు, దర్గా వారిదే. ప్రతి ఏడు సఫర్ నెలలో ఉర్సు. రైలు జంక్షన్ అయి దేశమంతా కాజీపేట అని పిలిచిందంటే, తెలియకుండానే ఆయన హోదాను పిలిచినట్టు.

మీ "ఈ" ఆయన పేరులోనూ ఉంది. బియాబాన్ అంటే మనిషి సడి లేని అడవి, బీడు. ఆ బియాబాన్‌కు చెందినవారు బియాబానీ. నిర్మానుష్యమైన చోటు అని అర్థమొచ్చే పేరున్నాయన సమాధి చుట్టూ ఇంత పెద్ద పేట లేచింది.

ఇంకొకటి. మా ఇంట్లో పెద్దవాళ్లు "ఖాజీపేట" అనరు, గొంతు లోపలి నుంచి "క"కు దగ్గరగా పలుకుతారు. తెలుగులో ఆ అక్షరం లేదు గనక "క" రాసినా తప్పు లేదు. "ఖ" రాస్తే మాత్రం చెవికి గుచ్చుతుంది. బోర్డుల మీద రెండూ కనిపిస్తాయి.

హనుమకొండ (నేనే):
అన్నా, ఈ ఒక్క పోస్టు చాలు ఇయ్యాల్టికి. సుబేదారిల కుర్చీ ఉన్నది, మనిషి లేడు. కాజీపేటల కుర్చీ పేరు వెనక మనిషి కూసొని ఉన్నడు. రెండిటి వ్యాకరణం దగ్గర దగ్గర ఒకటే, జ్ఞాపకమే వేరు.

ఫాతిమానగర్:
దర్గా అన్న మాట్లాడినంక మా వాడ ముచ్చట చెప్పకుంటె ఎట్ల. కొత్తగ వచ్చినోళ్లు "ఫాతిమానగర్ అంటే ముస్లింల బస్తీయా" అని అడుగుతరు. కాదు, మా దగ్గర ఉన్నది వరంగల్ మేత్రాసనం (బిషప్ కింద ఉండే పరిధి) పెద్ద గుడి, ఫాతిమా మాత కథీడ్రల్. ఆ ఫాతిమా పోర్చుగల్‌ల ఒక ఊరు. 1917ల అక్కడ ముగ్గురు పిల్లలకు మరియమాత కనపడ్డదని మా నమ్మకం. అందుకే ఫాతిమా మాత. మరి ఆ ఊరికి ఆ పేరు ఎట్లొచ్చింది? ఆ దిక్కు అరబ్బులు ఏలిన కాలం నుంచి మిగిలిన పేరు. మొదట్ల అది ప్రవక్త బిడ్డ పేరు.

అరబ్బు దేశంల బయల్దేరిన ఆడబిడ్డ పేరు పోర్చుగల్ పోయి, అక్కడ మరియమ్మకు బిరుదై, మళ్లా తిరిగి కాజీపేట దర్గా పక్కకే వచ్చి దిగింది. షేర్ ఆటోకు ఇరువై రూపాయలు.

నయీంనగర్:
అక్కా సూపర్ 🙏

వరంగల్ చౌరస్తా:
అందరూ ఉర్దూ పేర్ల మీదనే పడ్డరు. తెలుగుల మనిషిని వీధికి ఎట్ల కట్టినం? మా దిక్కు పిన్నవారి వీధి ఉన్నది. "వారి" చూడండి. అది ఒక్క మనిషిని చెప్పదు, ఇంటిని చెప్తది. పిన్న ఇంటోళ్ల వీధి. పెండ్లి పత్రికల మీద "ఫలానావారి ఇంట" అన్నట్టే. నా లెక్కల ఇది తెలుగు పద్ధతి. చచ్చిపోయినాయనకు స్మారకం కాదు, బతికున్న ఇంటికి గుర్తు. అడ్రసు అడిగితే ఇల్లు చూపించుడన్నట్టు.

ఇగ ఇప్పటి పద్ధతి మూడక్షరాలు. జేపీఎన్ రోడ్డు మీద చీరెలు కొనేటోళ్లను నిలబెట్టి అడుగు, ఎంతమంది జయప్రకాశ్ నారాయణ్ అంటరో. ఎంజీఎం అయితే మరీ అన్యాయం. మహాత్మాగాంధీ స్మారక దవాఖాన అది. "ఎంజీఎంల పడేసిన్రు", "ఎంజీఎంకు రాసిన్రు" అంటం, అందుల గాంధీ ఎక్కడ? ఇంగ్లీషు పొడి అక్షరాలు మనిషి పేరును మింగినంతగ ఫారసీ "ఈ" కూడ మింగలేదు.

హనుమకొండ (నేనే):
దీనికి ఒక చిన్న ఊరట ఉన్నది. 1979ల జేపీ పోయినప్పుడు కాళోజీ రాసిన మూడు ముక్కల నివాళి ఇప్పుడు ప్రతి సంతాప ఫ్లెక్సీ మీద ఉంటది, పుటుక, చావు, బతుకు అని. ఎవరి కోసం రాసిండో మర్చిపోయి కాళోజీ ఫోటో కిందనే వేస్తున్నరు. జేపీ పేరు ఈ ఊర్ల రెండు చోట్ల ఉన్నది, రెండు చోట్లా కనపడదు. ఊరట అన్న గని, రాసినంక ఊరట లెక్క లేదు.

కాళోజీ సంగతి ఎట్లాగూ వచ్చింది. ఆయన పేరు నారాయణరావు. కాళోజీ ఇంటిపేరు. "జీ" మనం గౌరవానికి తగిలించింది కాదు, ఇంటిపేరుల ముందు నుంచే ఉన్నది. శివాజీ, తానాజీల తీరు. తండ్రి మరాఠీ, తల్లి కన్నడ, పుట్టింది 1914ల కర్ణాటక రట్టిహళ్లి. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9 మనకు తెలంగాణ భాషా దినోత్సవం. అన్న రామేశ్వరరావు ఉర్దూ కవి. అంటే "కాళోజీ సెంటర్" అన్నప్పుడు, చౌరస్తా అన్న చెప్పిన "వారి" పద్ధతిల, అన్నదమ్ములిద్దరూ అందుల ఉన్నట్టే. బొమ్మ మాత్రం ఒక్కరిదే.

వడ్డేపల్లి:
ఎన్జీవోస్ కాలనీ కూడ రాయండి సార్. మా ఆఫీసుల కొత్త పిల్ల "అక్కడ స్వచ్ఛంద సంస్థలు చాలా ఉన్నాయా" అని అడిగింది. నాన్ గెజిటెడ్ ఆఫీసర్లమ్మా అంటే నమ్మలే.

పద్మాక్షి గుట్ట:
రిటైరైన తెలుగు పంతులును. ఒక విషయం మీ దృష్టికి తెస్తాను. మీరంతా మనిషి పేరు ఎలా మరుగున పడుతుందో చెబుతున్నారు. మనిషి లేని చోట మనిషిని పుట్టించడంలో మనవాళ్లది ఇంకా పెద్ద చేయి.

మన ఊరి పేరే చూడండి. రుద్రదేవుడు వేయించిన వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. అందులో ఊరు అనుమకొండ. హకారం లేదు. అచ్చ తెలుగు మాటకు మొదట్లో హకారం ఉండదు కూడా. తర్వాత ఎవరికో ఆంజనేయుడు గుర్తొచ్చాడు, హ వచ్చి కూర్చుంది. హనుమకొండ, హన్మకొండ, హనంకొండ అని ముచ్చటగా మూడు తీర్లు రాసుకుంటున్నాం. 2021లో జిల్లా పేరు మార్చినప్పుడు హనుమకొండే ఖాయమైంది. దేవుడికి జిల్లా దక్కింది, సంతోషమే.

అక్కడితో ఆగారా? అనుముడు, కొండడు అని ఇద్దరు అన్నదమ్ములు ఏలారని మరో కథ. నా చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పేది. ఆలోచించండి, "కొండ" అంటే గుట్ట. కళ్ల ముందు గుట్ట నిలబడి ఉంది. దాన్ని వదిలి కొండడు అనే మనిషిని తయారుచేశారు. మీ మేనల్లుడు సుబేదారి గారిని తయారుచేసినట్టే. ఆ పిల్లవాడిది ఎనిమిదివందల ఏళ్ల సంప్రదాయం. తిట్టకండి.

ఓరుగల్లుకు ఈ తంటా రాలేదు. ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి, సమాసంలో క గ అయింది. సంస్కృతంలో ఏకశిల అని తర్జుమా కూడా చేసి పెట్టారు గనక ఎవరికీ సందు దొరకలేదు.

హనుమకొండ (నేనే):
సారూ, తిట్టలే. పెన్ను మాత్రం గుంజుకున్న. ఇయ్యాల మళ్లా ఇచ్చేస్త.

మానుకోట:
మాది చెప్పి పోత. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబాబాద్. టికెట్ మీద, జిల్లా బోర్డు మీద అదే. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం "మానుకోటనా?" అనే అడుగుతం. పాలకుడు కాయితం మీద, మాను నోట్ల.

చార్‌బౌలి:
నాలుగు బావులు అని అందరికీ తెలుసు గని బౌలి, బావి అక్కాచెల్లెండ్లని ఎంతమందికి తెలుసు? రెండూ సంస్కృతం "వాపీ" బిడ్డలే. ఒకటి ఉత్తరాదికి పోయి "బావ్‌లీ" అయి వచ్చింది, ఒకటి ఇక్కడే ఉండి "బావి" అయింది. మా వాడల రెండూ కలిసినయి. "చార్‌బౌలి కాడ బావి" అని మా అమ్మమ్మ అనేది.

లష్కర్‌బజార్:
మాది సైన్యం బజారు. సికింద్రాబాద్‌ను లష్కర్ అంటరు, లష్కర్ బోనాలు అంటరు చూడు, అదే లష్కర్. మనిషి లేడు. పిల్లగానికి చెప్పు, లష్కర్ గారు అని రాయకుమని.

నయీంనగర్:
ప్రాజెక్టు ఏమైంది అన్నా చివరికి?

హనుమకొండ (నేనే):
సుబేదారి గారిని కొట్టేసిండు. అదాలత్ గారిని కూడ. కాజీపేట, ఆజంజాహి మిల్లు, కాళోజీ సెంటర్, ఫాతిమానగర్ రాసుకున్నడు. ఫాతిమానగర్‌కు బాణం గుర్తులతోని మ్యాపు గీసిండు, పోర్చుగల్‌ను శ్రీలంక అంత పెట్టిండు. కొండడి కథ వద్దన్నా వినలే, గుట్టకు మీసాలు పెట్టి బొమ్మ వేసిండు.

ఆఖరి పేజీల "మీ ఇంటి వీధి పేరు, ఎవరి జ్ఞాపకార్థం" అని ఒక డబ్బా ఉన్నది. వాళ్లది కొత్త వెంచర్. రోడ్ నంబర్ 4 అని రాసి, జ్ఞాపకార్థం దగ్గర చానాసేపు పెన్ను నమిలి, "రోడ్ నంబర్ 3 తర్వాత వచ్చినందుకు" అని నింపిండు.