అరవయ్యో ఏట అంటార్కిటికా ఓడ ఎక్కాలా, వద్దా?

పాలకొల్లు మాస్టారు:
మా షష్టిపూర్తికి అబ్బాయి అంటార్కిటికా క్రూజ్ బుక్ చేస్తానంటున్నాడు. అర్జెంటీనాలోని ఉషుయాయా దాకా విమానం, అక్కడి నుంచి ఓడ. ఇద్దరికీ పాతిక లక్షలు దాటేలా ఉంది. మా ఆవిడ మహా ఉత్సాహంగా ఉంది. మా తమ్ముడేమో "మంచు కరిగిపోతోందని ఊరంతా మొత్తుకుంటుంటే పొగ ఓడేసుకుని అక్కడికే పోతారా" అని నిలదీశాడు. డబ్బు సంగతి వదిలేయండి. వెళ్లడం తప్పా, కాదా?

భీమవరం ఆక్వా రైతు:
నిక్షేపంగా వెళ్లండి మాస్టారూ. ఇన్నేళ్లూ పిల్లలకి మ్యాపులో చూపించిన ఖండం. మీరు మానేస్తే ఓడ ఆగదు, ఆ గది ఇంకొకరికి ఇస్తారు.

అమలాపురం కొబ్బరితోట:
ప్రతివాళ్లూ ఆ మాటే అనుకోబట్టి ఇంతదాకా వచ్చిందండి. 1966లో లిండ్‌బ్లాడ్ అనే ఆయన మొదటిసారి యాత్రికుల్ని తీసుకెళ్లినప్పుడు గుప్పెడు మంది. ఇప్పుడు ఒక్క సీజన్‌లో లక్ష దాటుతున్నారు. ఓడలూ విమానాలూ జనరేటర్ల నుంచి వచ్చే మసి మంచు మీద పడి, ఎండని పీల్చి కరిగిస్తుంది. 2022లో 'నేచర్ కమ్యూనికేషన్స్'లో వచ్చిన పరిశోధన, ఒక్కో యాత్రికుడి వంతుకి దాదాపు 83 టన్నుల మంచు ముందే కరుగుతోందని లెక్కగట్టింది. ఇక్కడ ఉప్పాడ రోడ్డు ఏటా సముద్రంలో కలుస్తుంటే, బావుల్లో ఉప్పు తేలుతుంటే మనమే వెళ్లి మసి పోసి రావాలా?

కాకినాడ ఓడ ఉద్యోగి:
నేను అలాంటి ఓడలో హౌస్‌కీపింగ్‌లో పనిచేశానండి. అక్కడి కట్టుదిట్టం మనవాళ్లు ఊహించలేరు. ఒడ్డుకి దిగేముందు ప్రతి ఒక్కరి జాకెట్ జేబులూ, బ్యాగు మూలలూ వాక్యూమ్ పెట్టి పీలుస్తారు. వెల్‌క్రో పట్టీలో ఇరుక్కున్న గడ్డిగింజని పట్కారుతో లాగడం నా కళ్లతో చూశాను. ఒక్క గింజ మొలిచినా అక్కడి నేలకి ముప్పే. బూట్లని మందు నీళ్లలో ముంచి తోముతారు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ. బర్డ్ ఫ్లూ భయంతో మంచు మీద కూర్చోనివ్వరు, మోకాలు ఆనించనివ్వరు, బ్యాగు కింద పెట్టనివ్వరు. పెంగ్విన్‌కి అయిదు మీటర్ల దూరం. మెత్తటి మంచులో కాలు దిగబడి గొయ్యి పడితే పూడ్చి మరీ కదలాలి, లేకపోతే పెంగ్విన్ అందులో పడి ఎక్కలేదు.

1991లో క్రూజ్ కంపెనీలు కలిసి పెట్టుకున్న ఐఏఏటీవో అనే సంఘం నిబంధనలివి. ఒక చోట ఒకేసారి వందమందికి మించి దిగకూడదు. అయిదొందల మందికి పైన ఎక్కించుకున్న ఓడైతే ఎవర్నీ దింపకూడదు. ఓడల్లో మండించే చిక్కటి, మురికి ఇంధన నూనె (హెవీ ఫ్యూయెల్ ఆయిల్) వాడకాన్ని 2011 నుంచే ఆ నీళ్లలో నిషేధించారు. నా బాధల్లా వేరే. ఒడ్డు మీద అడుగడుక్కీ లెక్క ఉంది గానీ, మొత్తం సీజన్‌కి ఎంతమంది రావచ్చో అంటార్కిటికా ఒప్పందంలో ఉన్న దేశాలు ఇప్పటికీ గీత గీయలేదు. ఒక్కొక్కళ్లూ ఎంత పద్ధతిగా నడిచినా లక్ష లక్షే కదండీ.

రాజమండ్రి లెక్చరర్:
అమలాపురం వారి ఆవేదన నాదీనూ, కానీ రెండు విషయాలు కలిపేశారు. ఉప్పాడ కోతకి సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు. గోదావరి మీదా ఉపనదుల మీదా ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి, డెల్టాకి కొత్త మట్టి చేరడం తగ్గింది. బావుల్లో ఉప్పు తేలడంలో రొయ్యల చెరువుల పాత్రా ఉంది. ఓడల మసి కరిగించేది ఎక్కువగా పైపై మంచుని. పెద్ద మంచుపలకల్ని తినేస్తున్నది ముఖ్యంగా కింది నుంచి తగిలే వెచ్చటి సముద్రపు నీరు.

అయినా ఆ మంచు మనకి సంబంధం లేనిదని మాత్రం అనకండి. అంత మంచు బరువు చుట్టూ ఉన్న సముద్రాన్ని తన ఆకర్షణతో లాక్కుని ఉంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి, నీళ్లు ఉత్తరానికి జరుగుతాయి. అంటే దక్షిణ ధ్రువంలో కరిగిన దానిలో మన తీరానికి సగటు కంటే ఎక్కువ వాటానే వస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వాళ్లకి ఈ సంగతి బడిలోనే చెప్పాలి.

నరసాపురం కోడలు:
ప్రాణభయం మాట ఎవరూ ఎత్తలేదేం? కచ్చులూరు పడవ ప్రమాదం మర్చిపోయామా?

కాకినాడ ఓడ ఉద్యోగి:
మంచి ప్రశ్న అమ్మా. 2007 నవంబర్‌లో 'ఎక్స్‌ప్లోరర్' అనే ఓడ అక్కడే మంచు తగిలి మునిగిపోయింది. 154 మందీ లైఫ్‌బోట్లలో గంటల తరబడి ఉండి ప్రాణాలతో బయటపడ్డారు. దగ్గర్లో ఇంకో ఓడ ఉండబట్టి సరిపోయింది. ఓడలో డాక్టరుంటాడు గానీ పెద్ద ఆస్పత్రి కావాలంటే అంటార్కిటికాకీ దక్షిణ అమెరికాకీ మధ్య ఉన్న డ్రేక్ జలసంధి దాటాలి. గుండె జబ్బుంటే దాచకండి, రోగిని తరలించే ఖర్చు కూడా ఇచ్చే ఇన్సూరెన్స్ లేకుండా ఎక్కకండి.

అమలాపురం కొబ్బరితోట:
లెక్చరర్ గారి మాట ఒప్పుకుంటాను, చెరువుల సంగతీ నిజమే. కానీ మాస్టారూ, "కరిగిపోయేలోపు చూసేయండి" అని అమ్మే కంపెనీకి మాత్రం రూపాయి ఇవ్వకండి. ఆ మాట వింటే నాకు కడుపు రగిలిపోతుంది. 96 తుఫానుకి మా తోటలు నేలమట్టమైనప్పుడు చూడటానికి జనం బస్సులేసుకుని వచ్చారు.

పాలకొల్లు మాస్టారు:
అందరికీ నమస్కారం. మా ఆవిడ ఇవన్నీ చదివింది, ఇంకా వెళ్దామనే అంటోంది. అయిదొందల మందికి పైన ఎక్కే ఓడ వద్దని అబ్బాయికి చెప్పాను. ఆ కంపెనీ ఏ ఇంధనం వాడుతుందో, సంఘంలో ఉందో లేదో రాతపూర్వకంగా తెప్పించమన్నాను. అది వచ్చాకే అడ్వాన్స్ కడతాం. మా తమ్ముడు ఇంకా మాట్లాడటం లేదు.