గోడెల్ దేవుడి లెక్క: కంప్యూటర్ ఓకే అంటే అయిపోయినట్టేనా?

కావలి_కుర్రోడు:
దేవుడున్నాడని తర్కశాస్త్రవేత్త గోడెల్ లెక్క రాశాడని, 2013లో కంప్యూటర్ దాన్ని సరిచూసిందని మా రూమ్మేట్ బుర్ర తింటున్నాడు. దేవుడంటే తప్పనిసరిగా ఉండేవాడట, అలాంటివాడు ఒక్క సాధ్య లోకంలో ఉన్నా అన్ని లోకాల్లో ఉన్నట్టేనట, కాబట్టి ఇక్కడా ఉన్నట్టేనట. ఎక్కడో మెలిక ఉంది గానీ నాకు చిక్కడం లేదు.

ఒంగోలు_లెక్కల_మాస్టారు:
మెలిక మొదటి మాటలోనే ఉంది బాబూ. సాధ్య లోకమంటే వేరే గ్రహం కాదు, ఇలా కాకుండా ఇంకోలా జరిగుంటే అన్న ఊహ, అంతే. ఈ ఏడు సోమశిల డ్యామ్ నిండిన లోకం ఒకటి, నిండనిది ఒకటి. ఏదో ఒక లోకంలో నిండిందని ఒప్పుకుంటే పోయేదేం లేదు. కానీ 'తప్పనిసరిగా ఉండేవాడు' అంటేనే అన్ని లోకాల్లో ఉండేవాడని అర్థం, అందుకే 'సాధ్యమేగా' అని తలూపారంటే అసలు జవాబే ఒప్పేసుకున్నట్టు. కావాలంటే 'అలాంటివాడు లేని లోకం ఒక్కటైనా సాధ్యం' అని మొదలుపెట్టి చూడండి, ఎస్5 లాజిక్‌లో (సాధ్యం, తప్పనిసరి అన్న మాటలకి నియమాలు పెట్టే తర్కాల్లో ఒకటి) అవే సూత్రాలతో ఎక్కడా లేడని తేలుతుంది. 1974లో ఇలాంటి వాదనే రాసిన తత్వవేత్త ప్లాంటింగా కూడా దీన్ని నిరూపణ అనలేదు, నమ్మడం అహేతుకం కాదని మాత్రమే అన్నాడు.

నెల్లూరు_కారందోసె:
మాస్టారూ, అది ప్లాంటింగాకి సరే, గోడెల్‌కి చాలదు. ఆయన సాధ్యమని ఊరికే అనుకోలేదు, 'మంచి గుణాల' గురించి కొన్ని స్వయంసిద్ధాలు (నిరూపణ లేకుండా ముందే ఒప్పుకునే మాటలు) పెట్టుకుని వాటినుంచి రాబట్టాడు. అడగాల్సింది వాటినే. కంప్యూటర్ చూసింది మెట్టు మీద మెట్టు సరిగ్గా పడిందా అని, ఆ స్వయంసిద్ధాలు నిజమా అని కాదు. పైగా అది పాస్ చేసింది డానా స్కాట్ అనే తర్కశాస్త్రవేత్త సవరించిన రూపాన్ని, గోడెల్ సొంత రాతలో వైరుధ్యం ఉందని పట్టుకున్నదీ కంప్యూటరే (ఈ ముక్క మీ రూమ్మేట్ చెప్పుండడు). ఇంకో తంటా 1987లో సోబెల్ అనే తత్వవేత్త బయటపెట్టాడు: ఆ స్వయంసిద్ధాలన్నీ ఒప్పుకుంటే జరిగిన ప్రతిదీ తప్పనిసరి అయిపోతుంది, ఈ పొద్దు నేను రెండో దోసె తినడం కూడా. ఇంక సాధ్య లోకాలెందుకబ్బా, ఉన్నది ఒక్కటే కదా!

కందుకూరు_భక్తుడు:
దేవుణ్ణి లెక్కల్లో వెతకడమేంది సామీ, పెంచలకోన గుడికి రాండి.

నెల్లూరు_కారందోసె:
అన్నా, గోడెల్‌కీ ఆ ఇబ్బంది ఉండింది. ఇది తర్కంలో పరిశోధన మాత్రమే అయినా, జనం తనని నిజంగా దేవుణ్ణి నమ్మేవాడనుకుంటారేమోనని అచ్చుకివ్వలేదని ఆయన స్నేహితుడు మోర్గెన్‌స్టెర్న్ డైరీలో ఉంది.

కావలి_కుర్రోడు:
మాస్టారూ, ఎస్5 బదులు ఒక నియమం తక్కువున్న ఎస్4 తీసుకుంటే?

ఒంగోలు_లెక్కల_మాస్టారు:
అక్కడితో వాదన ఆగిపోతుంది. ఎస్5లో ఈ లోకం నుంచి ఆ లోకం కనిపిస్తే (అంటే సాధ్యమైతే) అక్కణ్ణుంచి ఇదీ కనిపించాలి, ఎస్4లో ఆ పట్టింపు లేదు. మీవాణ్ణి ఆ ఒక్క నియమం ఎందుకు ఒప్పుకోవాలో అడగండి.