ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, రగ్బీలో 8 టైటిళ్లు. ఈ రాబ్ బరో కథ నిజమేనా?

గుంటూరు_నాన్న:
నమస్తే అండీ అందరికీ. మాది గుంటూరు. మావాడు ఇంటర్ ఫస్టియర్, ఎనిమిదో తరగతి నుంచీ కబడ్డీ పిచ్చి. కూతకి వెళ్తే ఉత్త చేతులతో రావడం తక్కువ. చిక్కల్లా ఎత్తుతోనే, 5 అడుగుల 3 అంగుళాల దగ్గర ఆగిపోయాడు. మొన్న సెలక్షన్స్‌కి తీసుకెళ్తే అక్కడున్న కోచ్ ఒకాయన వాడిని కోర్టులోకి కూడా దించకుండా ఒకసారి పైనుంచి కిందికి చూసి "చదువుకో బాబూ" అన్నాడు. ఆ రోజు మంచం కిందికి తోసిన బూట్లు ఇంతవరకు బయటికి రాలేదు.

మా మేనల్లుడు ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. సంగతి విని వీడికి ఒక టీషర్ట్ పంపాడు, వెనక 7 నంబరు, బరో అని పేరు. ఈయన రగ్బీ ఆటగాడని, మావాడికంటే రెండంగుళాలే ఎక్కువని, ఎనిమిది టైటిళ్లు గెలిచాడని చెప్తున్నాడు. వాట్సాప్‌లో తిరిగే ఇలాంటి కథల్లో సగం కల్పితాలే కాబట్టి, పిల్లాడికి చెప్పేముందు తెలిసినవాళ్లని అడుగుదామని పెడుతున్నాను. రగ్బీ అంటే ఎద్దుల్లాంటి మనుషులు గుద్దుకునే ఆట కదా, అందులో ఇంత చిన్న మనిషి ఎలా నిలబడ్డాడు?

బెజవాడ_టు_లీడ్స్:
కల్పితం కాదండీ, నూటికి నూరుపాళ్లు నిజం. మాది పటమట, లీడ్స్‌లో రెండేళ్లు ఉండి వచ్చాను, హెడింగ్లీ దగ్గరే రూము. మనకి హెడింగ్లీ అంటే క్రికెట్ గ్రౌండే తెలుసు, కానీ దానికి వీపు ఆనించి ఇంకో స్టేడియం ఉంటుంది, మధ్యలో స్టాండ్ రెండిటికీ ఉమ్మడిదే, అది లీడ్స్ రైనోస్ అనే రగ్బీ లీగ్ జట్టుది. రాబ్ బరో 2001 నుంచి 2017 దాకా ఆ ఒక్క జట్టుకే ఆడాడు, 492 మ్యాచ్‌లు. మీరన్న ఎనిమిది సూపర్ లీగ్ ఫైనల్స్, అంటే అక్కడి ఐపీఎల్ ఫైనల్ లాంటివి. ఇంగ్లండ్‌కీ గ్రేట్ బ్రిటన్‌కీ కూడా ఆడాడు.

ఎలా నిలబడ్డాడంటే, మీ అబ్బాయికి నాకంటే బాగా అర్థమవుతుంది. ఈ ఆటలో బంతి పట్టుకున్నవాడిని అవతలివాళ్లు పట్టి పడేస్తారు, వాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోస్తే ఆట మళ్లీ మొదలు, ఆరోసారి కూడా పట్టుబడితే బంతి అవతలి జట్టుకి పోతుంది. పట్టు, విడిపించుకోవడం, మళ్లీ పట్టు, చూస్తుంటే నాకు మొదటిరోజే కబడ్డీ గుర్తొచ్చింది. మన కబడ్డీలో అయినా బరువు తూచి దించుతారు, అక్కడ పెద్దవాళ్ల ఆటలో అదీ లేదు, వంద కిలోలు దాటిన మనిషి ఎదురుగా వస్తుంటే ఈయన నిలబడాలి. ఈయన చేసిందల్లా పట్టుకి దొరక్కపోవడం, దొరికితే మళ్లీ లేవడం.

2011 ఫైనల్ వీడియో చూపించండి, మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సెయింట్ హెలెన్స్ మీద. లీగ్ దశలో ఐదో స్థానంలో ఉన్న జట్టు ఫైనల్ దాకా రావడమే గొప్ప. ఈయన బెంచి మీద నుంచి వచ్చాడు, మైదానం మధ్యలో బంతి అందుకుని, మీద పడబోయినవాడి చేతుల కింద నుంచి దూరిపోయి, ఆఖరి మనిషిని పక్కకి తప్పించి గీత దాటేశాడు. ఆ రోజు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఆయనే, 2007 ఫైనల్లోనూ ఆయనే. స్కోరు 32-16.

ముక్కుసూటి_మనిషి:
రగ్బీలో జట్టుకి 15 మంది, ఆరు పట్లు ఏడు పట్లు అనే లెక్కే లేదు. తెలియకపోతే రాయకండి.

బెజవాడ_టు_లీడ్స్:
తమ్ముడూ, నువ్వు చెప్పేది రగ్బీ యూనియన్, నేను చెప్పేది రగ్బీ లీగ్, 13 మంది. గొడవ 1895 నాటిది. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం మ్యాచ్‌కి వస్తే ఆ రోజు కూలీ పోయేది. ఆ నష్టం కట్టిస్తామని అక్కడి క్లబ్బులు అడిగితే పైవాళ్లు ఒప్పుకోలేదు, ఆటకి డబ్బు తీసుకోవడం నామోషీ అట వాళ్లకి, కడుపు నిండినవాళ్ల మాటలు. హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో కూర్చుని క్లబ్బులు విడిపోయాయి, తర్వాత నియమాలు కూడా వేరైపోయాయి. అందుకే లీడ్స్ వైపు ఇది పనివాళ్ల ఆట.

అరండల్‌పేట_ఫిజియో:
అన్నయ్యగారూ, టైటిళ్ల దగ్గరే కథ ఆపేస్తున్నారు, ఆ టీషర్ట్‌ని లోకమంతా కొన్నది అందుకు కాదు. ఆయన 2017లో ఆట మానేశాడు. 2019 డిసెంబరులో, 37 ఏళ్ల వయసులో, మోటార్ న్యూరాన్ డిసీజ్ అని తేలింది. మన దగ్గర డాక్టర్లు ఏఎల్ఎస్ అంటారు, స్టీఫెన్ హాకింగ్‌కి వచ్చిందే. కండరాలకి ఆజ్ఞలిచ్చే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చేతులు, కాళ్లు, మాట, మింగడం, చివరికి ఊపిరి. చాలామందిలో తెలివి చెక్కుచెదరదు, మనకి చెప్పలేకపోతారు కానీ అన్నీ తెలుస్తుంటాయి. నేను గుంటూరులో ఇలాంటి పేషెంటు ఒకాయనకి ఏడాదిన్నర ఇంటికెళ్లి చేశాను. మొదట్లో ఎవరో మెడనొప్పి అని చెప్పి ఆరు నెలలు ట్రాక్షన్ పెట్టించారు, ఆ ఆరు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

బరో గారికి డాక్టర్లు రెండేళ్లు అన్నారు, ఆయన నాలుగేళ్లు దాటి బతికారు. మాట పోయాక కంటిచూపుతో అక్షరాలు ఎంచుకునే కంప్యూటర్ వాడేవారు. పాత రికార్డింగుల నుంచి ఆయన గొంతునే, యార్క్‌షైర్ యాస పోకుండా, ఆ మిషన్‌లో పెట్టారు. భార్య లిండ్సే గారు కూడా ఫిజియోనే, 15 ఏళ్ల వయసు నుంచీ ఇద్దరికీ పరిచయం, ముగ్గురు పిల్లలు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ, ఆయన్ని ఎత్తి మంచం మీదకి చేర్చేది ఆవిడే. మా వృత్తిలో ఉన్నాం కాబట్టి చెప్తున్నాను, మనిషిని ఎత్తడం రోజుకి ఒకసారి అనుకోకండి.

ఆటవల్ల వచ్చిందా అని మీరు అడగబోతారు. స్కాట్లండ్ మాజీ రగ్బీ ఆటగాళ్ల మీద గ్లాస్గోలో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది, వాళ్లలో ఈ జబ్బు మామూలువాళ్లకంటే ఎక్కువ కనబడింది, అయితే అది యూనియన్ ఆటగాళ్ల లెక్క, కారణం ఇదీ అని తేలలేదు. కబడ్డీ ఆడే పిల్లాడి తండ్రి దీనికి టెన్షన్ పడక్కర్లేదు. తల గట్టిగా తగిలిన రోజు మాత్రం "ఏం కాదులే" అని మళ్లీ కోర్టులోకి పంపొద్దు.

బెజవాడ_టు_లీడ్స్:
అక్క చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. కెవిన్ సిన్‌ఫీల్డ్ అని ఆ జట్టు కెప్టెన్, ఇద్దరూ ఏళ్ల తరబడి కలిసి ఆడారు. స్నేహితుడి నంబరు 7 కాబట్టి 2020 డిసెంబరులో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరిగెత్తాడు. 77,777 పౌండ్లు వస్తే చాలనుకుంటే ఇరవై లక్షల పౌండ్లు దాటాయి. 2023 మేలో బరో పేరుతోనే లీడ్స్‌లో మారథాన్ పెట్టారు. బరోని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి 42 కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చి, హెడింగ్లీలో గీత ముందు ఆగి, ఎత్తుకుని దాటించాడు. నేను మా రూములో టీవీలో చూశాను, పక్కన మా నర్సరావుపేట కుర్రాడు, అసలు రగ్బీ అంటే పడనివాడు, మొహం కడుక్కునే నెపంతో లేచి వెళ్లిపోయాడు.

2024 జూన్ 2న పోయారు, 41 ఏళ్లు. ఆ మర్నాడే ఆయన పేరు మీద కట్టాలనుకున్న చికిత్సాకేంద్రానికి లీడ్స్‌లో పని మొదలుపెట్టారు. ఆ వారంలో లండన్ వెంబ్లీలో జరిగిన రగ్బీ లీగ్ కప్ ఫైనల్‌ని మూడు గంటల ఏడు నిమిషాలకి మొదలుపెట్టారు, నంబరు 7 కోసమే.

గుంటూరు_నాన్న:
మీ ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ముక్కుసూటి గారికి కూడా, ఆయన అడగబట్టి 1895 సంగతి తెలిసింది.

నిన్న రాత్రి అన్నాల తర్వాత మావాడికి 2011 వీడియో పెట్టాను. చేతుల కింద నుంచి దూరిన చోట ఆపమన్నాడు. "ఇది డుబ్కీ కదా నాన్నా" అన్నాడు, కబడ్డీలో పట్టు కింద నుంచి వంగి దూరిపోవడాన్ని అలాగే అంటారు. మళ్లీ వేశాను, మళ్లీ ఆపమన్నాడు, మోకాలు ఎంత వంచాడో చూడు అని వాళ్లమ్మకి చూపించాడు. ఆవిడకి కబడ్డీయే తెలియదు, సరేలే అంది. తర్వాత మారథాన్ వీడియో పెట్టాను. దానికేమీ అనలేదు, కాసేపయ్యాక "అంత దూరం పరిగెత్తాక మనిషిని ఎత్తగలరా" అని మాత్రం అడిగాడు. పొద్దున్న లేచి చూస్తే మంచం కింద బూట్లు లేవు.

ఇప్పుడు ఇంకో సమస్య. మా మేనల్లుడు టీషర్ట్ ఎక్సెల్ సైజు పంపాడు, మావాడికి మోకాళ్ల దాకా వస్తోంది, వేసుకునే పడుకుంటున్నాడు. వెనక ఉన్న 7 దెబ్బతినకుండా చుట్టూ పట్టి కుట్టే టైలరు బ్రాడీపేట వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి.