తెలియని అడవి దారిని నలుగురికీ చెప్పాలా, వద్దా?

కాలిబాట: పెద్దగా ఎవరికీ తెలియని ఒక అటవీ ఉద్యానవనంలో నడిచి వచ్చాను. ఫోటోలు, జీపీఎస్ పటం ఇక్కడ పెడదామనుకుంటే మిత్రులు వద్దంటున్నారు. పేరుమోసిన పార్కుల్లో బండి నిలపడానికే చోటు దొరకదు. ఇలాంటివి తెలిస్తే ఆ రద్దీ కాస్త తగ్గదా?

నీలిపిట్ట: దయచేసి పెట్టకండి. ఐస్‌లాండ్‌లోని ఫ్యాద్రార్‌గ్ల్యూవుర్ లోయ 2015లో పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ పాట వీడియోలో కనిపించింది. ఆ తర్వాత జనం పోటెత్తారు. దారి వెంట ఉన్న నాచు, పచ్చిక తొక్కిడికి బురదైపోయి, చివరికి 2019లో కొంతకాలం మూసేశారు.

కాలిబాట: అది కోట్లమంది చూసిన వీడియో. నా రాత చదివి పదిమంది వెళ్తే గొప్ప.

నీలిపిట్ట: ఆ పదిమందితోనే నా భయం. దారి లేని నేలమీద ఎక్కువ నష్టం మొదటి అడుగులతోనే జరుగుతుంది. లేత మొక్కలు విరుగుతాయి, మట్టి గట్టిపడి నీరు ఇంకదు. ఆ తర్వాత వందమంది నడిచినా కొత్తగా పోయేది తక్కువే. దారి మధ్యలో బురదగుంట ఉంటే ఏం జరుగుతుందో గమనించండి. ఒకరు పక్కనుంచి తప్పుకుని వెళ్తారు, వెనక వచ్చేవారు ఇంకొంచెం పక్కకు జరుగుతారు. మనిషి పట్టేంత బాట బండి పట్టేంత అవుతుంది, చెట్ల వేళ్లు బయటపడతాయి. బూట్లు తడిసినా సరే, బురదలోంచే నడవాలి. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

చెట్టునీడ: నీలిపిట్ట గారూ, తెలియకపోతే చెప్పాలి గానీ దారినే దాచేస్తే ఎలా? రహస్యం పేరుతో ఈ అడవులు వాహనమూ పరిచయాలూ ఉన్నవాళ్లకే మిగిలిపోతున్నాయి. ఎవరో ఓపికగా రాసిపెట్టినది చదివే నేను అడవిలో అడుగుపెట్టాను. పైగా ఎవరూ చూడని అడవిని రేపు కొట్టేస్తామంటే దానికోసం మాట్లాడేదెవరు?

మైలురాయి: రాయండి, కానీ ఫోటోలతో సరిపెట్టకండి. జనం రాని చోట దారి గుర్తులు చెరిగిపోయి ఉంటాయి, ఫోను పనిచేయకపోవచ్చు. కాలు మడతపడితే సాయానికి వచ్చే మనిషే ఉండడు. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, దారి ఎక్కడ చీలుతుంది, ఎన్ని గంటలకల్లా వెనక్కి తిరగాలి, ఇవి రాయండి. కొండదారి నడకకు ఎంతసేపు పడుతుందో అంచనా వేసే 1892 నాటి నైస్మిత్ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. విరామాలు దీనికి అదనం. ఇంకొకటి, ఫోనుతో తీసిన ఫోటోలో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు నమోదై ఉండవచ్చు. పిట్టగూళ్ల ఫోటోలైతే అసలు పెట్టకండి, గూడు దగ్గరకు మనుషులు పదేపదే వెళ్తే పిట్టలు దాన్ని వదిలేసే ప్రమాదం ఉంది.

కాలిబాట: మైలురాయి గారు చెప్పినవన్నీ చేరుస్తాను. గుర్తులున్న ప్రధాన దారిని మాత్రమే పెడతాను. జలపాతం వైపు చీలే పక్కబాట అధికారికమైనది కాదు, దాన్ని పటంలోంచి తీసేస్తున్నాను.

నీలిపిట్ట: జలపాతం ఫోటో ఉంచితే ఆ బాటను వెతుక్కుంటూ పొదల్లో పడి వెళ్తారు. అదీ తీసేయండి.

చెట్టునీడ: ఫోటో ఉండనివ్వండి. దాని కిందే ఆ బాట పట్టవద్దని, ఎందుకు వద్దో కూడా రాయండి.